మూత పెట్టని బండి

మొన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కట్టుడు పళ్ళు పెట్టించుకునే వయసొచ్చింది, అందులో సిగ్గేమీ లేదు. ఆయన చిన్న గిన్నెలో గులాబీ రంగు పొడి పోసి, దాని మీద సీసాలోంచి నీళ్ళలాంటిది ఏదో వంచి కలిపాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే కుర్చీలో లేచి కూర్చున్నాను. మగ్గిపోయిన అరటిపండు వాసన, దాని వెనకే తల తిప్పే మందు వాసన. అది పీల్చి నలభై ఏళ్ళ పైమాటే.

"ఏమైంది మాసీమా, భయమేసిందా?" అని బెంగాలీలో అడిగాడు డాక్టరు.

భయమే. పళ్ళ గురించి మాత్రం కాదు.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. నలభై దాటాక, ఇళ్ళలో పని చేసుకునే ఆడవాళ్ళకు మధ్యాహ్నం పూట చెప్పే బడిలో ముందు బెంగాలీ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఖిదిర్‌పూర్‌లో ఉండే మన తెలుగు పంతులమ్మ దగ్గర తెలుగు. అందుకని నా రాతలో సోకులు ఉండవు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం.

నా చిన్నప్పుడు మేం కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చినవాళ్ళ గదులు వరసగా ఉండేవి. పన్నెండు గదులకు ఒకటే కుళాయి. మా గదిలో అయ్య, అమ్మ, మామ్మ, చిన్నాన్న, నేను. పొద్దువాలితే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల పొయ్యి రాజేసేవారు. సందంతా పొగ కమ్మేసి మనిషికి మనిషి కనపడేవాడు కాదు, గొంతులు మాత్రం వినపడేవి. ఆ పొగలోనే మా ఎండుచేపల పులుసు వాసన, పక్కింటి ఆవనూనె వాసన, దూరంగా ఓడ కూత. ఓడ కూసిందంటే మా గోడ సన్నగా అదిరేది. అరచెయ్యి ఆనిస్తే తెలిసేది.

సందు మొదట్లో గోడ మీద కొడవలీ సుత్తీ గీసి ఉండేవి. రేవులోకి వచ్చే రష్యా ఓడల పొగగొట్టాల మీదా అదే గుర్తు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ ఓడలన్నీ మా సందువే అనుకునేదాన్ని.

చిన్నాన్నకు ఇరవై రెండేళ్ళు ఉంటాయి. పెళ్ళి కాలేదు. నవ్వు ఆగని మనిషి, నిద్ర కూడా ఆగని మనిషి. కాస్త నీడ కనిపిస్తే చాలు, ఒరిగిపోయేవాడు. "ఈడికి పెల్లి సేస్తే పీటల మీదే తొంగుంటాడు" అనేది మామ్మ. చిన్నాన్న పసితనంలోనే తాతయ్య పోతే, ఆయన్ను పెంచింది మా అయ్యే. వేలు పట్టుకుని రైలెక్కించి, హౌరాలో దింపి, రేవులో తన ముఠాలోనే పెట్టించుకున్నాడు. అయ్య తక్కువ మాట్లాడేవాడు. ఆయన పని ఓడ కడుపు మూతి దగ్గర. కింద ఉన్నవాళ్ళకూ పైన క్రేను వాడికీ మధ్య నిలబడి చేతి సైగలతో సరుకు ఎక్కించడం, దించడం. పని ఆగినప్పుడు ఆ మూతి మూయించడం.

ఒక రోజు చిన్నాన్న ఓ అట్టపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. రష్యా ఓడ మీది నావికుడికి ఒక అరటిగెల ఇచ్చి పుచ్చుకున్నాడట. పెట్టె మీద మిలిటరీ బండి బొమ్మ. ఎనిమిది చక్రాలు, ముందువైపు పడవ మూతిలా కోసుగా, నెత్తిన చిన్న బుర్ర, ఆ బుర్రలోంచి సూదిలాంటి తుపాకి. వీపు మీద మనుషులు దిగడానికి రెండు కంతలు, వాటికి మూతలు.

"ఇది నేల మీదా పోతాదంట, నీల్లలోనా పోతాదంట" అన్నాడు చిన్నాన్న, నావికుడు చూపించినట్టే అరచేతిని గాలిలో ఈదిస్తూ. "మనుసులు నోపల కూకోని మూతేసుకుంటారు. బయట బాంబు పడినా ఇనపడదంట."

"ఇనపడని కాడికి ఎవులు దూరతార్రా?" అంది మామ్మ.

పెట్టె తెరిస్తే బండి లేదు. ముదురాకుపచ్చ ప్లాస్టిక్ చట్రాలు ఉన్నాయి, ముగ్గు చుక్కలకు గీతలు కలిపినట్టు. ఆ గీతలకు ముక్కలు అతుక్కుని ఉన్నాయి. బొటనవేలంత సీసాలో జిగురు. ఇంకా ఒక కాగితం, దాని నిండా బాణాలు, అంకెలు, మా ఎవరికీ తెలియని అక్షరాలు.

అక్షరాలు తెలియకపోతే చిన్నాన్నకు లెక్క లేదు. రేవులో వాళ్ళు చదివేది అక్షరాలు కాదు. పెట్టె మీద గొడుగు ఉంటే తడపకూడదు, గ్లాసు ఉంటే పగిలేది, బాణం పైకి ఉంటే ఆ వైపే పైకి. అంతా గుర్తులతోనే. ఆయన ఆ బండితో కూడా రేవు పనే చేశాడు. ముందు సరుకంతా దించాలి, తర్వాత జాతి జాతికీ వేరు చెయ్యాలి. మామ్మ కత్తిపీట ముందు కూర్చుని ముక్కలన్నీ చట్రాల నుంచి ఒక్క ఊపున కోసేశాడు. చక్రాలు ఒక కుప్ప, కడ్డీలు ఒక కుప్ప, మూతలు ఒక కుప్ప. నేలంతా ఓడ సరుకు దించిన గోదాములా ఉంది. మిగిలిన చట్రాలను అమ్మ పొయ్యిలో వేసింది. నల్లటి మంట లేచింది, దానికో పాడు కంపు. రెండు రోజులు అన్నం కూడా ఆ కంపే కొట్టింది.

సందు మొదట్లో ఉండే యూనియన్ దాదా చూడ్డానికి వచ్చాడు. బెంగాలీ మనిషి, మా వాళ్ళందరి అర్జీలూ ఆయనే రాసేవాడు. కాగితం తిప్పి తిప్పి చూసి, నేల మీది కుప్పలు చూసి, నుదురు కొట్టుకున్నాడు.

"ఒరే పాగల్, అంకెలు ముక్కల మీద ఉండవురా, చట్రాల మీద ఉంటాయి. చట్రాలేవీ?"

చిన్నాన్న పొయ్యి వైపు చూపించాడు. ఆ రోజు మా గదిలో నవ్విన నవ్వులు ఎనిమిదో గది దాకా వినపడి ఉంటాయి. అమ్మ కూడా నవ్వింది. అంతలా నవ్విన రోజు మా ఇంట్లో మళ్ళీ నేను చూడలేదు.

అంకెలు పోయాక, ఏ ముక్క ఎక్కడిదో పెట్టె మీది బొమ్మ చూసి ఊహించుకోవాల్సిందే. చిన్నాన్న పని నుంచి వచ్చి రోజుకు రెండు ముక్కలు అతికించేవాడు. జిగురు మూత తీస్తే చాలు, అదే మగ్గిన అరటిపండు వాసన, నా తల తేలిపోయేది. కింది సగానికీ పై సగానికీ అతుకు పెట్టి బియ్యం డబ్బా బరువుగా పెట్టాడు. మర్నాడు బండి కడుపు తయారైంది. వీపు మీది కంతలు రెండూ తెరిచే ఉన్నాయి. మామ్మ చింతపండు పిసుకుతుంటే ఒక పిక్క తీసి, కంతలోంచి లోపలికి జారవిడిచాడు.

"డ్రైవరు" అన్నాడు నాతో. బండిని ఊపితే లోపల టకటకలాడింది. "సెప్పకు మీ అయ్యకి. ఆట కాదని తిడతాడు."

ఆ బండితోనే నాకు రేవు ఆట నేర్పాడు. మూత వేసే ముందు పిలవాలి. అది ఆటలోని నియమం కాదు, నిజంగానే రేవులో ఆనవాయితీ. ఓడ కడుపు మూసే ముందు మూతి దగ్గరి మనిషి వంగి, లోపలికి మూడుసార్లు కేకేస్తాడు. ముందు హిందీలో, "కోయీ హై అందర్?" తర్వాత బెంగాలీలో, "కేఉ ఆఛో భేతోరే?" ఆఖరున మన భాషలో, "ఎవులైనా ఉన్నారా నోపల?" బిహారు వాళ్ళు, బెంగాలీలు, మనవాళ్ళు కలిసి పనిచేసే చోటు కాబట్టి మూడు పిలుపులు. కేకకూ కేకకూ మధ్య ఒక ఊపిరంత సేపు ఆగాలి. ఆ తర్వాతే చెక్కలు పరిచి, మీద టార్పాలిన్ బరకం లాగి బిగించడం. నేను బండి కంత దగ్గర నోరు పెట్టి మూడు భాషల్లో పిలిచేదాన్ని. చిన్నాన్న మంచం కింద పడుకుని సన్నటి గొంతుతో "ఎవులూ నేరు" అనేవాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

వైశాఖంలో కలకత్తాలో సాయంత్రాలు ఉన్నట్టుండి నల్లబడతాయి. వాయవ్యం నుంచి గాలి లేస్తుంది, దుమ్ము, ఆ వెంటే వాన. అలాంటి ఒక రోజు రేవులో నూనె తీసేసిన వేరుశనగ చెక్క బస్తాలు ఎక్కిస్తున్నారు. తడిస్తే బూజు పడుతుంది కాబట్టి మబ్బు చూడగానే మూతలు వేసేశారు. వాన తగ్గలేదు, పని మళ్ళీ మొదలవలేదు, అందరూ ఇళ్ళకు వచ్చేశారు. చిన్నాన్న రాలేదు. మెటియాబ్రుజ్‌లో స్నేహితుడి దగ్గర ఆగిపోయి ఉంటాడనుకున్నాం. అలా ఆగిపోవడం ఆయనకు అలవాటే.

పొద్దున మూత తీస్తే బస్తాల సందులో పడుకుని ఉన్నాడట. ఒంటి మీద గాయం లేదు. వేరుశనగ చెక్క గాలిని తినేస్తుంది. మూసిన చోట మనిషికి ఊపిరి మిగల్చదు. రేవులో అందరికీ తెలిసిన సంగతే అది. మధ్యాహ్నం కూడు తిని చల్లగా ఉందని కిందకి దిగి కునుకు తీశాడన్నారు. తీసుకొచ్చినప్పుడు చూశాను. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. కాకపోతే గోళ్ళ నిండా గోనె పీచు.

యూనియన్ దాదా ఎర్రగుడ్డ తెచ్చి కప్పాడు. అందరిలో నిలబడి, "తిన్‌టే డాక్ దియేఛే. ఆమి నిజే శునేఛి" అన్నాడు. అయ్య మూడు పిలుపులూ పిలిచాడు, నా చెవులతో నేను విన్నాను అని. ముఠా అంతా తలూపింది. అయ్య తల దించుకుని చిన్నాన్న గోళ్ళలోంచి పీచు ఒక్కొక్కటే లాగుతూ కూర్చున్నాడు.

పన్నెండో రోజు అయిపోయింది. అయ్య పనికి వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. గోడకు ఎత్తుగా కొట్టిన బల్ల మీంచి బండిని దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

అందుకు ఒక కారణం మామ్మే. "సగం పని ఒగ్గీసి పోయినోడు ఇల్లు ఇడవడు" అంది. "ఆడు మొదలెట్టింది ఆడి అన్న ముగించాల. ముగిసిపోతే ఆడు ఆడి తోవన పోతాడు." మా వైపు ఆ నమ్మకం ఉంది. వల అల్లుతూ పోయినవాడి వలను అన్నదమ్ములు అల్లి ముగిస్తారు, గోడ సగం కట్టి పోయినవాడి గోడను కట్టి ముగిస్తారు. మామ్మ ఉద్దేశం మంచిదే. కొడుకు సుఖంగా పోవాలని.

అయ్య ముక్కల కుప్పల ముందు కూర్చుని పని సాగించాడు. ఎంత నెమ్మదిగానో చెప్పలేను. ఆయన చేతులు బరువులెత్తిన చేతులు, వేలి చివరలు మొద్దుబారినవి. ఆ వేళ్ళతో అన్నం మెతుకంత ముక్కను పట్టుకుని, క్రేను వాడికి సైగ చేసినట్టే ఎడమ చెయ్యి కొద్దికొద్దిగా ఆడిస్తూ, దాని చోటికి దించేవాడు. అలాంటి నిజం బండి ఒకటి ఓడ కడుపులో గుడ్డ కప్పి ఉండగా ఆయన ఒకసారి చూశాడు. ఆ జ్ఞాపకంతోనే అతికించాడు. కాగితం వంక చూడనేలేదు. చక్రాలు ఎనిమిదీ కూర్చున్నాయి. నెత్తి మీద బుర్ర కూర్చుంది. కంతల్లో ఒకదానికి మూత అతికించాడు. రెండోది మిగిలింది.

అక్కడ ఆగిపోయాడు.

పొద్దువాలి సందులో పొయ్యిల పొగ లేవగానే ఆయన ఆ కంత దగ్గర నోరు పెట్టేవాడు. నేను గుమ్మం పక్క మరమరాలు తింటూ చూసేదాన్ని. పెదాలు ప్లాస్టిక్‌కు ఆనేంత దగ్గరగా పెట్టి, "ఎవులైనా ఉన్నారా నోపల?" అనేవాడు. ఊపిరంత సేపు ఆగేవాడు. మళ్ళీ, "ఎవులైనా ఉన్నారా నోపల?" మూడోసారీ అదే. తర్వాత చెవి ఆనించేవాడు. ఆ పొగలో కళ్ళు మూసుకున్న ఆయన ముఖం మా అయ్య ముఖంలా ఉండేది కాదు. ఎవరో ముసలివాడు మా అయ్య బనీను తొడుక్కుని కూర్చున్నట్టు ఉండేది.

ఒక సాయంత్రం ఆయన అలా చెవి ఆనించి ఉండగా రేవులో ఓడ కూసింది. గోడ అదిరింది. బండి లోపల టక్, టక్, టక్‌మని మూడుసార్లు కొట్టుకుంది.

అయ్య కదలలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం కారాయి. "ఉన్నాడు" అన్నాడు. అమ్మ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

అది చింతపిక్క అని నాకు తెలుసు. చిన్నాన్న చెప్పొద్దన్నాడని కొన్నాళ్ళు చెప్పలేదు. నిజం చెప్పాలంటే, మా ఇంట్లో నాకొక్కదానికే తెలిసింది అదొకటే కాబట్టి దాచుకున్నాను. ఆ దాపరికం తియ్యగా ఉండేది. అయ్య అన్నం మానేసేదాకా తియ్యగానే ఉంది.

అప్పుడు భయమేసింది. ఆయన కుళాయి దగ్గరికి వెళ్ళినప్పుడు బండిని తలకిందులు చేసి ఊపాను. చాలాసేపు రాలేదు. తర్వాత పిక్క కంతలోంచి అరచేతిలో పడింది. వెచ్చగా ఉంది. ప్లాస్టిక్ బండిలో చింతపిక్క వెచ్చగా ఎందుకు ఉంటుందో నన్నడక్కండి.

ఆయన రాగానే చెయ్యి చాపాను. "అయ్యా, ఇదే టకటకమన్నది. సిన్నాన్న ఏసినాడు, డ్రైవరనీసి."

అయ్య పిక్కను చూశాడు. తీసుకున్నాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి పెదవి కొంచెం కదిలింది. "డ్రైవరా" అన్నాడు. "ఆడి బుద్ది సూడు." నా తల మీద చెయ్యి వేశాడు. "కూడెట్టమను మీ యమ్మని" అన్నాడు. లోపలున్న అమ్మకు వినపడింది, చప్పున కంచం తీసింది.

ఆ కంచం కింద పెట్టక ముందే ఓడ కూసింది. బండి బల్ల మీద ఉంది. పిక్క అయ్య గుప్పిట్లో ఉంది.

టక్, టక్, టక్.

నేను విన్నాను. అమ్మ విన్నది. అయ్య గుప్పిట తెరిచి పిక్కను చూసి, బల్ల వైపు చూశాడు. తర్వాత కంచం పక్కకు నెట్టేశాడు.

ఇప్పటి పిల్లలకు చెబితే, ఊడిన ముక్క ఇంకోటి లోపల ఉండి ఉంటుంది అంటారు. ఉండొచ్చు. నేనైతే ఆ తర్వాత వారం రోజులు ఆ బల్ల కిందుగా నడవలేదు. అవతలి గోడకు ఒరుసుకుంటూ అటునుంచి తిరిగి వెళ్ళేదాన్ని.

యూనియన్ దాదా వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సోమవారం నుంచి రాకపోతే నీ చోట ఇంకొకర్ని పెడతారు. నేను ఆపలేను. ఇన్నాళ్ళు ఆపాను" అన్నాడు. బల్ల మీద బండిని చూసి గొంతు తగ్గించాడు. "భాయ్, ఆ బండికి మూత పెట్టెయ్. అయిపోయింది కదా. నువ్వు పిలిచావు. మేమంతా చెప్పాం కదా."

అయ్య ఆయన్ను ఎలా చూశాడంటే, దాదా వెంటనే చెప్పులు తొడుక్కున్నాడు.

ఆ మధ్యాహ్నం మామ్మ చుట్ట వెలిగించుకుని సందు చివరి అరుగు మీద కూర్చుంది. నేను ఆమె వీపు గోకుతున్నాను. నాకు చాలా రోజులుగా ఒక సందేహం ఉంది. దాన్ని అడగకూడదని నాకు తోచలేదు. తొమ్మిదేళ్ళ దానికి ఏం తోస్తుంది?

"మామ్మా, అయ్య బండిలోకి పిలుస్తాడు గదా. హిందీలో పిలవడేటి? బెంగాలీలో పిలవడేటి? మూడుసార్లూ మన బాసలోనే పిలుస్తన్నాడు. సిన్నాన్న అలగ నేర్పనేదు నాకు."

మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"మల్లీ సెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. చుట్ట ఆరిపోయింది, వెలిగించలేదు. చాలాసేపు నా చెయ్యి ఆమె వీపు మీద ఉంది, ఆ వీపు ఊపిరి తీసుకుంటున్నట్టే అనిపించలేదు. తర్వాత మెల్లిగా లేచి మా గదిలోకి వెళ్ళింది, నేను వెనకే వెళ్ళి గుమ్మంలో ఆగాను.

అమ్మ కుళాయి దగ్గర ఉంది. అయ్య బండిని ఒళ్ళో పెట్టుకుని, మిగిలిన మూతను అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. మామ్మ ఎదురుగా చతికిలబడింది.

"ఆ దినం ఎన్ని పిలుపులు పిలిసినావురా?"

"మూడనీసి దాదా సెప్పినాడు గదే."

"దాదాని అడగనేదు. నిన్నడిగినాను."

అయ్య మూతను వేళ్ళ మధ్య తిప్పాడు. పొయ్యిలో బొగ్గు చిట్లిన చప్పుడు వినపడింది.

"రెండు" అన్నాడు.

"ఏ రెండు?"

"హిందీది. బెంగాలీది." ఆ తర్వాత మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. "సుక్కలు పడిపోతన్నాయే అమ్మా. సర్దారు బేగి మూయండని అరస్తన్నాడు. మనోల్లు అందరూ పైనే ఉన్నారు గదా అనుకున్నాను. ఆడి తువ్వాలు కమ్మీ మీద ఆరతంది. నా కల్లతో సూసినాను తువ్వాలు. ఇంకెవుల్ని పిలవాల అనుకున్నాను. మన బాసలో పిలవడానికి మనోడెవుడున్నాడు నోపల అనుకున్నాను."

మామ్మ ఆరిపోయిన చుట్టను నేల మీద పెట్టింది.

"తొంగున్నోడికి హిందీ ఇనపడతాదేటిరా?" అంది.

కేకలు లేవు, గుండెలు బాదుకోవడం లేదు. అంతే అంది. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు అంది. అయ్య ముందుకు ఒరిగి ఆమె కాళ్ళ మీద తల పెట్టబోతే కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఆయన అరచేతిలోని మూత తీసుకుంది. మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి దాన్ని బొగ్గుల్లో వేసింది. నల్లటి మంట లేచింది. అదే పాడు కంపు.

"ఇంక దీనికి మూత నేదు" అంది, మంట వైపే చూస్తూ. "ఆడు ఉన్నా ఉంటాడు, పోయినా పోతాడు. ఆడి ఇష్టం. నువ్వు సోమారం నాడు పనికి ఎల్లు. ఎల్లి మన బాసలో ముందు పిలు. మిగతా బాసలు ఎనకాల."

సోమవారం అయ్య పనికి వెళ్ళాడు. దాదా సందు చివర నిలబడి ఉన్నాడు. ఇద్దరూ కలిసి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత బండిలో చప్పుడు ఆగిపోయిందని రాస్తే బాగుంటుంది. ఆగలేదు. ఓడ కూసినప్పుడల్లా కొట్టుకునేది. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. గడియారం చప్పుడు ఉన్న ఇళ్ళలో గడియారం వినపడనట్టే.

అలవాటు కానిది వేరే ఉంది. మామ్మ ఇంకో ఎనిమిదేళ్ళు బతికింది. ఆ ఎనిమిదేళ్ళూ అదే గదిలో, అయ్యకు మూరెడు దూరంలో పడుకుంది. ఆయన తెచ్చిన బియ్యం అమ్మ వండితే తిన్నది. ఆయన చేతి నుంచి మాత్రం మంచినీళ్ళు కూడా పుచ్చుకోలేదు. తిట్టలేదు, ఎవరితోనూ చెప్పలేదు. అమ్మ ఎన్నిసార్లు కారణం అడిగినా మామ్మ నోరు విప్పలేదు, అయ్య విప్పలేదు, నేనూ విప్పలేదు. ఆఖరి రోజు అయ్య తులసి నీళ్ళు చెంచాతో పెదాల దగ్గర పెట్టాడు. కళ్ళు మూసుకుని ఉన్న మనిషి, ఎవరు ఏ చేత్తో పెట్టారో తెలిసే స్థితి కాదు. అయినా పళ్ళు బిగించింది. అదే చెంచా నేను పుచ్చుకుని పెడితే తాగింది.

అయ్య బయటికి వెళ్ళి కుళాయి గట్టు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. అవతలి గదుల వాళ్ళు వచ్చిపోతున్నారు.

"అంత కచ్చితంగా ఎలగ అడిగినాదే ఆ దినం?" అన్నాడు నాతో. ఎనిమిదేళ్ళలో ఆ మాట ఎత్తడం అదే మొదలు. "ఏ రెండు, అనీసి. ముఠాలో ఒక్కడు కూడా బయట పెట్టనేదు. నాను సెప్పనేదు. ఆవిడికెలగ తెలిసింది?"

ఆయన ముఖం నా వైపే ఉంది. జవాబు కోసం నిజంగానే చూస్తున్నాడు.

"తల్లి గదా అయ్యా" అన్నాను. "తెలిసిపోతాది."

ఆయన తలూపాడు. ఆ మాట ఆయనకు నచ్చింది. నచ్చడమేమిటి, ఆ మాట పట్టుకునే మిగతా జీవితం గడిపాడు. సంత్రాగాఛికి మారాక, ముసలివాడయ్యాక, ఎవరైనా తల్లి సంగతి ఎత్తితే చాలు, "తల్లికి సెప్పక్కర్నేదు, ఆల్లకి తెలిసిపోతాది" అనేవాడు. నేను పక్కనే ఉండి కూర తరుక్కుంటూ వినేదాన్ని. ఎన్నోసార్లు నోటి దాకా వచ్చింది. చెబితే ఏమయ్యేదో? నన్ను తిట్టేవాడు కాదు. బహుశా తేలికపడేవాడు కూడానేమో. తల్లి తనంతట తానే కొడుకు మనసులోకి చూసి అసహ్యించుకోలేదనీ, తొమ్మిదేళ్ళ పిల్ల వాగుడు వల్ల బయటపడిందనీ తెలిస్తే మనిషికి ఎంత తేడానో ఇప్పుడు అర్థమవుతోంది. చెప్పలేదు. ఒక పిలుపు మింగేసిన మనిషిని చూస్తూ పెరిగి, నేనూ ఒక మాట మింగేశాను.

ఆయన పోయి పన్నెండేళ్ళయింది. మొన్న పళ్ళ డాక్టరు గిన్నెలో ఆ వాసన తగిలాక, మింగిన మాటను ఇలా కాగితం మీద పెడుతున్నాను.